నల్లరేగడి బురదలో జిమ్నీ: ట్రాక్షన్ కంట్రోల్ ఎక్కడిదాకా లాగుతుంది?

నాది విత్తనోత్పత్తి పని. రైతుల పొలాల్లో సీడ్ ప్లాట్లు వేయించి, పూత దశ నుంచి కోత దాకా వాటిని కనిపెట్టుకుని ఉండాలి. నంద్యాలలో ఉంటూ గోస్పాడు, కోవెలకుంట్ల, ఉయ్యాలవాడ, సంజామల మండలాల్లో తిరుగుతుంటాను. ఊరి దాకా తారురోడ్డు ఉంటుంది కాబట్టి ఏ కారైనా పోతుంది. ఊరు దాటి పొలం రస్తాలోకి దిగాక, అందులోనూ అక్టోబరు, నవంబరు నెలల్లో తుపాను వానలు పట్టుకున్నాక, కథ మారిపోతుంది. పూతలో ఉన్న ప్లాటు వాన వెలిసే దాకా ఆగదు. కల్తీ మొక్కలు పీకించాలన్నా, క్రాసింగ్ పని సరిగ్గా జరుగుతోందో లేదో చూడాలన్నా ఆ రోజే అక్కడికి చేరాలి. అందుకోసమే మారుతి సుజుకి జిమ్నీ అనే చిన్న 4x4 బండి (నాలుగు చక్రాలకూ ఇంజన్ బలం అందేది), మాన్యువల్ గేర్లది తీసుకున్నాను.

మైలేజీ, టచ్ స్క్రీన్, వెనక సీటు గురించి ఇక్కడ రాయడం లేదు. వాటి గురించి చెప్పినవాళ్లు చాలామంది ఉన్నారు. బురదలో ఈ బండి ట్రాక్షన్ కంట్రోల్, అంటే జారే చక్రాన్ని అదుపు చేసే సిస్టమ్, ఏం చేస్తుంది, ఎలా చేస్తుంది, ఎక్కడ చేతులెత్తేస్తుంది అనే విషయం మన నేలల్లో తిరిగినవాళ్లు తెలుగులో వివరంగా రాయగా నేను చూడలేదు. పల్లెల్లో తిరిగే పశువైద్యులకు, వ్యవసాయ శాఖ వాళ్లకు, పొలం ఉన్న ప్రతి ఒక్కరికీ ఇది పనికొచ్చే సంగతి.

నా తీర్పు ముందే చెప్పేస్తాను. ఎర్రమట్టి, గరుసు నేల, రాళ్ల వాగులు, కాలువ గట్ల మలుపులు, వీటన్నిటిలో ఈ సిస్టమ్ అద్భుతంగా పనిచేస్తుంది. నానిన నల్లరేగడిలో మాత్రం దాని బలమంతా టైరు చేతిలో ఉంటుంది. బండి కొనేటప్పుడే టైర్ల డబ్బు కూడా కలిపి లెక్క వేసుకోవాలి.

ఇది ఎందుకు ఇలా ఉంటుందో అర్థం కావాలంటే ముందు ట్రాక్టర్ దగ్గరికి వెళ్లాలి. మా చిన్నాయన ట్రాక్టర్ తోలేటప్పుడు పక్కన మడ్‌గార్డు మీద కూర్చుని పెరిగినవాణ్ణి నేను. ట్రాక్టర్‌కు కుడి పక్కన రెండు బ్రేకు పెడళ్లు ఉంటాయి, ఒకటి ఎడమ చక్రానికి, ఒకటి కుడి చక్రానికి. రోడ్డు మీద పోయేటప్పుడు రెండింటినీ కలిపి కొక్కెం వేస్తారు. పొలంలోకి దిగాక కొక్కెం తీసేస్తారు. తడి నేలలో ఒక చక్రం ఊరికే గిర్రున తిరుగుతూ, రెండోది కదలకుండా ఉన్నప్పుడు చిన్నాయన తిరుగుతున్న చక్రం వైపు బ్రేకును కాలితో కొద్దికొద్దిగా నొక్కేవాడు. బండి కదిలేది. “తిరిగేదాన్ని పట్టుకుంటే నిలబడింది లాగుతాది నాయనా” అనేవాడు. ఇప్పుడు లక్షలు పోసి కొనే కార్లలో ఉన్న ట్రాక్షన్ కంట్రోల్ మూలసూత్రం సరిగ్గా ఇదే.

కారు ఇరుసు మధ్యలో ఉండే డిఫరెన్షియల్ మలుపుల్లో చాలా అవసరం. మలుపు తిరిగేటప్పుడు బయటి చక్రం ఎక్కువ దూరం, లోపలి చక్రం తక్కువ దూరం నడవాలి కాబట్టి రెండింటినీ వేర్వేరు వేగాలతో తిరగనిస్తుంది. అయితే దానికి ఒక గుణం ఉంది. రెండు చక్రాలకూ ఎప్పుడూ సమానమైన బలమే పంచుతుంది. ఎడమ చక్రం జారుడు బురదలో ఉండి 100 ఎన్‌ఎం (న్యూటన్ మీటర్ల) టార్క్‌కే, అంటే తిప్పే బలానికే తిరిగిపోతుంటే, గట్టి నేల మీద ఉన్న కుడి చక్రానికి కూడా అదే 100 అందుతుంది. బండి కదలడానికి అది చాలదు. ఎంత రేజ్ చేసినా ఎడమ చక్రం ఇంకా వేగంగా తిరుగుతుంది తప్ప కుడి చక్రానికి బలం పెరగదు. రేగడిలో దిగబడ్డ కారు చుట్టూ నలుగురు నిలబడి చూస్తున్నప్పుడు జరిగేది ఇదే.

ఇప్పుడు జారుతున్న ఎడమ చక్రానికి బ్రేకు వేశామనుకోండి. ఆ బ్రేకు 400 ఎన్‌ఎం అడ్డం పెడితే, ఎడమ వైపు మొత్తం అడ్డు 500 అవుతుంది. సమానంగా పంచడం డిఫరెన్షియల్ గుణం కాబట్టి కుడి చక్రానికీ 500 వెళ్తుంది. ఆ 500తో కుడి చక్రం నేలను పట్టి బండిని లాగుతుంది. లెక్క అర్థం కావడానికి ఈ అంకెలు నేను వేసినవి. నిజంగా జరిగేది మాత్రం ఈ పద్ధతిలోనే. ఇందులో ఇంకో సంగతి కూడా కనిపిస్తుంది. ఇరుసుకు అందిన 1000లో 400 బ్రేకులోనే వేడిగా మారి పోతోంది. అంటే ఈ సిస్టమ్ ఇంజన్ బలాన్ని తింటుంది, బ్రేకుల్ని వేడెక్కిస్తుంది. ఈ రెండు విషయాలూ గుర్తుపెట్టుకుంటే బురదలో బండి ఎలా నడపాలో సగం తెలిసినట్టే.

ట్రాక్టర్‌లో కాలు చేసే పనిని కారులో కంప్యూటర్ చేస్తుంది. ప్రతి చక్రం దగ్గరా దాని వేగం కొలిచే సెన్సార్ ఉంటుంది. అది అసలు ఏబీఎస్ (గట్టిగా బ్రేకు వేసినప్పుడు చక్రాలు బిగుసుకుపోకుండా చూసే సిస్టమ్) కోసం పెట్టింది. మన దేశంలో 2019 ఏప్రిల్ నుంచి అమ్మే కార్లన్నిటికీ ఏబీఎస్ తప్పనిసరి అయింది కాబట్టి ఆ సెన్సార్లు ఇప్పుడు చిన్న కార్లలో కూడా ఉన్నాయి. ఒక చక్రం పక్కదానికన్నా బాగా వేగంగా తిరుగుతోందని తెలియగానే, ఏబీఎస్ యూనిట్‌లోని పంపు ఆ ఒక్క చక్రానికే బ్రేకు ఆయిల్ ప్రెషర్ పంపుతుంది. పెడల్ మీద మన కాలు ఉండక్కర్లేదు. ఇలాంటి ట్రాక్షన్ కంట్రోల్‌ను రేంజ్ రోవర్ 1990ల మొదట్లోనే 4x4 బండ్లలోకి తెచ్చింది. జిమ్నీలో దీన్ని బ్రేక్ లిమిటెడ్ స్లిప్ డిఫరెన్షియల్, పొట్టిగా బ్రేక్ ఎల్‌ఎస్‌డి అంటారు. పేరులో డిఫరెన్షియల్ ఉన్నా, ఇరుసు లోపల ఉన్నది మామూలు ఓపెన్ డిఫరెన్షియలే. పని జరిగేది బ్రేకుల్లో.

పాత జిప్సీలు నడిపినవాళ్లకు దీని విలువ బాగా తెలుస్తుంది. 1985లో వచ్చిన ఆ బండి మన అటవీ శాఖకు, పోలీసులకు, సైన్యానికి ఏళ్ల తరబడి సేవ చేసింది. 4x4 ఉంది, లో రేంజ్ (వేగం తగ్గించి లాగే బలం పెంచే గేరు) ఉంది, ఈ ఎలక్ట్రానిక్స్ మాత్రం లేవు. వెనక ఒక చక్రం జారుతుంటే అనుభవమున్న డ్రైవర్లు హ్యాండ్‌బ్రేకును ఒకటి రెండు పళ్లు లాగి, మెల్లగా యాక్సిలరేటర్ ఇచ్చేవాళ్లు. వెనక రెండు చక్రాలకూ కొంచెం అడ్డు పడేది, జారని చక్రానికి కొంత బలం చేరేది. జిమ్నీ అదే పనిని ఏ చక్రానికి కావాలో దానికే, నాలుగు చక్రాల్లోనూ, సెకనులో ఎన్నోసార్లు చేస్తుంది.

బండి గురించి కొన్ని వివరాలు. 5 డోర్ల జిమ్నీ 2023 జూన్‌లో అమ్మకానికి వచ్చింది. 1.5 లీటర్ల పెట్రోల్ ఇంజన్, 134 ఎన్‌ఎం టార్క్. బరువు దాదాపు 1,200 కిలోలు. గ్రౌండ్ క్లియరెన్స్ 210 మిల్లీమీటర్లు. ల్యాడర్ ఫ్రేమ్ చాసిస్, ముందూ వెనకా సాలిడ్ ఇరుసులు. నాకు బాగా నచ్చిన విషయం, జీటా, ఆల్ఫా రెండు వేరియంట్లలోనూ 4x4, లో రేంజ్, బ్రేక్ ఎల్‌ఎస్‌డి మూడూ ఉండటం. తక్కువ వేరియంట్ కొన్నా బురదలో పనికొచ్చేవేవీ పోవు. గేర్ రాడ్ పక్కన ఇంకో చిన్న రాడ్ ఉంటుంది. అందులో 2హెచ్ (వెనక రెండు చక్రాలకే బలం), 4హెచ్ (నాలుగింటికీ, మామూలు వేగం), 4ఎల్ (నాలుగింటికీ, లో రేంజ్) అని మూడు స్థానాలు. స్విచ్చు తిప్పడం కాకుండా చేత్తో రాడ్ లాగితే గేరు పడిన సంగతి అరచేతికి తెలుస్తుంది. పొలాల్లో తిరిగేవాడికి ఆ భరోసా కావాలి.

4హెచ్, 4ఎల్‌లలో ముందు ఇరుసు, వెనక ఇరుసు ఒకదానికొకటి గట్టిగా కలిసిపోతాయి. మధ్యలో డిఫరెన్షియల్ లేదు. అందువల్ల ముందుకూ వెనక్కూ బలం పంచే పని ఇనుప గేర్లు చూసుకుంటాయి, ఎడమ కుడి తేడా మాత్రమే ట్రాక్షన్ కంట్రోల్ చూసుకుంటుంది. పని ఇలా పంచుకోవడం వల్లే ఇంత చిన్న ఇంజన్‌తో ఈ బండి ఇంత లాగగలుగుతోందని నా నమ్మకం.

ఇక అసలు దృశ్యం. గోస్పాడు దగ్గర కేసీ కెనాల్ (కర్నూలు-కడప కాలువ) పంట కాలువ గట్టు మీదుగా పోయి, ఒక చోట గట్టు దిగి పొలంలోకి తిరగాలి. గట్టు ఎర్రమట్టి, గరుసు పోసి చేసింది. మలుపులో ముందు ఎడమ చక్రం బోదెలోకి దిగుతుంది, అదే సమయంలో వెనక కుడి చక్రం తేలిపోతుంది. ఎదురెదురు మూలల్లో ఉన్న రెండు చక్రాలూ పట్టు తప్పడమన్నమాట. ఓపెన్ డిఫరెన్షియల్ ఉన్న 4x4కు ఇంతకన్నా కష్టమైన పరీక్ష లేదు. ముందు ఇరుసు బలం ముందు ఎడమ నుంచి, వెనక ఇరుసు బలం వెనక కుడి నుంచి కారిపోతాయి. ఒకసారి తమ్ముణ్ణి స్టీరింగ్ దగ్గర కూర్చోబెట్టి, నేను దిగి, గట్టు కింద వెనక చక్రం కనిపించేలా నిలబడ్డాను. 4ఎల్, ఫస్ట్ గేర్. క్లచ్ వదలగానే తేలిన చక్రం గిర్రున ఒక చుట్టు తిరిగింది, దాని గాడుల్లోంచి ఎర్రటి నీళ్లు నా ప్యాంటు మీద పడ్డాయి. వెంటనే బండి కింద నుంచి కరకరమని చప్పుడు, పంపు కొట్టుకుంటున్న చప్పుడు. ఆ చక్రం ఎవరో చేత్తో పట్టుకున్నట్టు ఆగింది, మళ్లీ కొంచెం తిరిగింది, మళ్లీ ఆగింది. ఇలా ఆగుతూ తిరుగుతూ ఉండగానే, అవతలి వైపు ఎడమ చక్రం కింద గులకరాళ్లు నలిగిన శబ్దం వినిపించింది. అది కదిలింది. బండి ఒక అడుగు ముందుకు జరిగింది, తేలిన చక్రం నేలకు తగిలింది, కరకరలు ఆగిపోయాయి. తమ్ముడు స్టీరింగ్ తిప్పడం తప్ప ఇంకేమీ చేయలేదు.

ఆ చప్పుడుకు చాలామందికి టెన్షన్ వస్తుంది. గేర్‌బాక్స్‌లో ఏదో విరిగిందేమోనని కాలు తీసేస్తారు. అక్కడే పని చెడుతుంది. బ్రేకుతో నడిచే ఏ ట్రాక్షన్ కంట్రోల్ అయినా చక్రం జారిన తర్వాతే మేలుకుంటుంది. చక్రం కొంచెం తిరగాలి, సెన్సార్లు తేడా పట్టుకోవాలి, ప్రెషర్ ఎక్కాలి. కాలు తీసేస్తే తేడా పోతుంది, ప్రెషర్ దిగిపోతుంది, మళ్లీ మొదటికి వస్తుంది. కాబట్టి యాక్సిలరేటర్‌ను ఒకే చోట నిలకడగా పట్టి ఉంచాలి. చప్పుడు వినిపిస్తే సిస్టమ్ పనిలో ఉందని అర్థం. ఒకటి రెండు సెకన్లు ఓపిక పడితే బండి కదులుతుంది. పెడల్‌ను పంపు కొట్టినట్టు తొక్కి వదిలేవాళ్లకు ఈ సిస్టమ్ ఎప్పటికీ అందదు. బ్రేకు ఇంజన్ బలాన్ని తింటుందని పైన లెక్కలో చూశాం కదా, అందుకే 4ఎల్ వేయడంలో ఆలస్యం చేయకూడదు. లో రేంజ్‌లో వేగం సగానికి పడిపోయి లాగే బలం రెట్టింపవుతుంది. బ్రేకు తినగా మిగిలేది అప్పుడే సరిపోతుంది. 4ఎల్ వేయడానికి బండి ఆగి ఉండాలి, కాబట్టి బురదలో ఆగిపోయాక వేయడం కంటే గట్టి నేల మీద ఉండగానే వేసుకుని దిగడం మేలు.

ఇప్పుడు చాలామంది కలగలిపేసే విషయానికి వస్తాను. ట్రాక్షన్ కంట్రోల్ అనే పేరు కింద రెండు పనులు ఉంటాయి. ఒకటి పైన చెప్పిన బ్రేకు పని. రెండోది ఇంజన్ బలాన్ని తగ్గించడం. తడి తారురోడ్డు మీద చక్రం జారితే ఇంజన్‌ను తగ్గించడం ప్రాణం కాపాడే పని. బురదలో మాత్రం అదే మనకు అడ్డం. మెత్తటి బురదలో బండి ఊపు మీద పోవాలి, చక్రం కాస్త తిరిగి గాడుల్లో ఇరుక్కున్న మట్టిని విదిల్చుకోవాలి. సరిగ్గా అప్పుడే కంప్యూటర్ చక్రం జారుతోందని ఇంజన్ గొంతు నొక్కుతుంది. మా పెద్దనాన్న కొడుక్కి ఒక 2 వీల్ డ్రైవ్ ఎస్‌యూవీ ఉంది. వానలో పొలం నుంచి ఇంటికి వస్తూ చిన్న ఎత్తు దగ్గర ఆగిపోయాడు. “యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కినా ఇంజన్ పలకట్లేదన్నా, పంపు పోయిందేమో” అని ఫోన్ చేశాడు. ట్రాక్షన్ కంట్రోల్ ఆఫ్ బటన్ నొక్కి, సెకండ్ గేర్‌లో, స్టీరింగ్ నేరుగా పెట్టి రమ్మన్నాను. వచ్చేశాడు. బండిలో ఏ లోపమూ లేదు. రోడ్డు కోసం రాసిన ప్రోగ్రాము పొలంలో కూడా రోడ్డు రూల్సే పాటించింది. కొన్ని ఎస్‌యూవీల్లో మడ్, శాండ్, స్నో అని మోడ్‌లు ఇస్తున్నారు కదా, అందులో మడ్ మోడ్ చేసే ముఖ్యమైన పని ఇదే: చక్రాన్ని ఇంకాస్త తిరగనిస్తుంది, ఇంజన్‌ను తొందరపడి తగ్గించదు, బ్రేకును మాత్రం వాడుకుంటుంది.

జిమ్నీలో దీనికి ప్రత్యేకంగా మోడ్ అక్కర్లేదు. 4ఎల్ వేయగానే ఈఎస్‌పీ (బండి అదుపు తప్పి జారకుండా ఇంజన్‌నూ బ్రేకుల్నీ చూసుకునే సిస్టమ్) తనంతట తాను ఆఫ్ అవుతుంది, ఇంజన్‌ను తగ్గించడం ఉండదు, బ్రేక్ ఎల్‌ఎస్‌డి మాత్రం మిగులుతుంది. ఎవరు ఆలోచించారో కానీ బురద తెలిసినవాళ్లు ఆలోచించిన పద్ధతి ఇది. 4హెచ్‌లో ఉన్నప్పుడు మాత్రం ఈఎస్‌పీ పూర్తిగా పనిచేస్తూ ఉంటుంది. పొడుగాటి బురద రస్తాలో 4హెచ్ మీద ఊపుతో పోవాలనుకుంటే ఈఎస్‌పీ ఆఫ్ బటన్‌ను నొక్కి పట్టుకోవాలి. వేగం కాస్త పెరగగానే అది మళ్లీ ఆన్ అవుతుందని గుర్తుంచుకోవాలి.

నల్లరేగడి సంగతి వేరే. మా దగ్గర ఎండాకాలంలో ఆ నేల కాలు ఇరుక్కునేంత నెర్రెలు విచ్చుతుంది. అందులో ఉండే మాంట్‌మోరిల్లొనైట్ అనే బంకమట్టి పొరల మధ్యకు నీళ్లు చేరితే ఉబ్బుతుంది, ఆరితే కుంచించుకుపోతుంది. నానినప్పుడు పైపొర జారుడు, లోపల బంక. నాలుగడుగులు నడిస్తే చెప్పు కింద ఇంకో చెప్పు తయారవుతుంది. కారు టైరుకు పట్టుకుంటే సంగటి కట్టెకు ముద్ద అంటుకున్నట్టే, వదలదు. బండితో వచ్చిన 195/80 ఆర్15 హైవే టైర్ల గాడులు సన్నవి. పది బారలు పోయేసరికి గాడులు పూడిపోతాయి, నాలుగు టైర్లూ నున్నటి నల్ల రోలర్లు అయిపోతాయి. అప్పుడు నాలుగు చక్రాలూ ఒకే రకంగా, ఒకే వేగంతో జారతాయి. ట్రాక్షన్ కంట్రోల్ వెతికేది చక్రాల మధ్య తేడా. తేడా లేనప్పుడు అది ఏ చక్రాన్ని పట్టుకోవాలి? పట్టుకున్నా, ఆ బలం తీసుకుని లాగడానికి రెండో చక్రం కింద గట్టి నేల ఏది? బండి లోపల కరకరలు కూడా ఉండవు, ఇంజన్ మోత మాత్రమే. ఏ కంపెనీ బండైనా, ఏ ధరదైనా, బ్రేకుతో నడిచే సిస్టమ్‌కు ఇక్కడ చేయగలిగింది లేదు. అందుకే దమ్ము చేసేటప్పుడు ట్రాక్టర్‌కు ఇనుప దమ్ము చక్రాలు కడతారు. మడిలో అన్నిటికన్నా ముందు మాట్లాడేది చక్రం ఆకారం.

నేను ఆ హైవే టైర్లు తీయించి పెద్ద గాడుల టైర్లు వేయించాను. అదే రస్తా, అదే బండి, అదే సిస్టమ్, తేడా మాత్రం చెప్పలేనంత. గాడుల మధ్య సందు ఎక్కువ కాబట్టి చక్రం తిరిగే వేగానికి మట్టి ముద్దలుగా ఎగిరిపోతుంది, టైరు అంచులు మళ్లీ నేలను కొరుకుతాయి. ఒక చక్రానికి పట్టు దొరికిన క్షణంలో ట్రాక్షన్ కంట్రోల్‌కు కూడా పని దొరుకుతుంది, బలాన్ని అటు నెడుతుంది. పూర్తి మడ్ టైర్లు తారురోడ్డు మీద చప్పుడు చేస్తాయి, తడి తారు మీద పట్టు తక్కువ. రోజుకు ఎక్కువ దూరం రోడ్డు మీదే తిరిగేవాళ్లు ఆల్ టెరైన్ రకం తీసుకుంటే సరిపోతుంది.

టైరు మార్చే డబ్బు లేనివాళ్లకు ఒక దారి ఉంది. గాలి తగ్గించడం. రస్తాలోకి దిగే ముందు ప్రెషర్‌ను 18 పీఎస్‌ఐ దాకా దించుతాను. టైరు నేల మీద పొడుగ్గా పరుచుకుంటుంది, బరువు ఎక్కువ చోటికి పంచుకుంటుంది, గాడులు కాస్త వంగి మట్టిని వదులుతాయి. బండి బరువు 1,200 కిలోలే కాబట్టి ఈ చిట్కా జిమ్నీలో బాగా పనిచేస్తుంది. 12 వోల్టుల సాకెట్‌కు తగిలించే చిన్న కంప్రెసర్ ఒకటి డిక్కీలో పెట్టుకోండి, రోడ్డెక్కే ముందు మళ్లీ నింపుకోవాలి. తక్కువ గాలితో తారు మీద వేగంగా పోతే టైరు వేడెక్కి పాడవుతుంది, మలుపులో రిమ్ము నుంచి ఊడే ప్రమాదం కూడా ఉంది.

ఇంకో అడ్డంకి ట్రాక్టర్ గాడి. పెద్ద చక్రాల ట్రాక్టర్లు తిరిగిన రస్తాలో గాడులు లోతుగా పడతాయి, మధ్యలో మట్టి కట్టలా మిగులుతుంది. నేలకూ బండి అడుగుకూ మధ్య ఉన్న 210 మిల్లీమీటర్లు అంటే జానెడు లోతు కంటే తక్కువే. అంతకన్నా లోతైన గాడిలోకి దిగితే ఇరుసు, చాసిస్ ఆ కట్ట మీద కూర్చుంటాయి, చక్రాల మీద బరువు తగ్గిపోతుంది. బరువు లేని చక్రానికి ఏ కంప్యూటరూ పట్టు తేలేదు. ఉయ్యాలవాడ దగ్గర ఒక రైతు నా బండి చూసి పొలంలోంచే కేకేశాడు: “సార్, ఆ గాడిలో రావొద్దు, నిన్న మా ట్రాక్టరే దిగబడింది. గట్టు పక్కన గడ్డి ఉంది సూడండి, దాని మీద తొక్కించుకోని రాండి.” గడ్డి వేళ్లు పట్టిన నేల పక్కనున్న బురదకన్నా ఎంతో గట్టిగా ఉంటుంది. ఆ నేలను రోజూ తొక్కేవాడి మాట విని పోవడం ఈ బండిలోని అన్ని సెన్సార్ల కన్నా ఎక్కువ పనికొచ్చింది.

అహోబిలం వైపు, నల్లమల అంచున ఉన్న పొలాలకు పోయినప్పుడు బండి అసలు రూపం చూశాను. అక్కడ ఎర్రటి గరుసు నేల, రాళ్లు, చిన్న వాగులు. తడిసినా కింద ఎక్కడో ఒక చక్రానికి రాయి తగులుతూనే ఉంటుంది. ఒక చక్రానికి పట్టు ఉంటే చాలు, ఈ సిస్టమ్ దాన్ని వెతికి పట్టుకుంటుంది. జారుడు ఏటవాలులో దిగేటప్పుడు హిల్ డిసెంట్ కంట్రోల్ కూడా ఇవే బ్రేకులతో నాలుగు చక్రాల్నీ విడివిడిగా అదుపు చేస్తుంది. కాళ్లు రెండూ పెడళ్ల మీద నుంచి తీసేసి స్టీరింగ్ మీదే దృష్టి పెట్టొచ్చు. మొదట భయంగా ఉంటుంది, నమ్మకం కుదిరాక హాయిగా ఉంటుంది.

థార్ తీసుకోవాలా ఇది తీసుకోవాలా అని అడిగేవాళ్లు ఎక్కువ. థార్ కొన్ని వేరియంట్లలో వెనక ఇరుసుకు మెకానికల్ లాకింగ్ డిఫరెన్షియల్ వస్తుంది. రెండు చక్రాల వేగాల మధ్య తేడా నిమిషానికి సుమారు 100 చుట్లు దాటితే అది లోపలే ఇనుప పళ్లతో రెండు చక్రాల్నీ కలిపేస్తుంది. ట్రాక్టర్‌లో మడమతో తొక్కే డిఫరెన్షియల్ లాక్ పనే, తనంతట తాను జరుగుతుంది. బ్రేకులో బలం వృథా కాదు, వేడి పుట్టదు. డీజిల్ ఇంజన్ 300 ఎన్‌ఎం ఇస్తుంది. ఎక్కువసేపు ఎడతెగని బురదలో లాగాలన్నా, వెనక ట్రాలీ కట్టాలన్నా నా ఓటు లాకర్ ఉన్న బండికే. అయితే థార్ చాలా బరువు. మెత్తటి నేల మీద బరువు తక్కువున్న బండి కూరుకుపోకుండా తేలిపోతుంది. నాకున్న రస్తాల వెడల్పుకు, ఎదురుగా ఎద్దుల బండి వస్తే పక్కకు తప్పుకోవడానికి చిన్న బండే కావాలి. నా పనికి జిమ్నీ సరైనది. పని మారితే సమాధానం కూడా మారుతుంది.

బురదలో తిరిగే బండికి సేవ కూడా ఎక్కువే. ట్రాక్షన్ కంట్రోల్ బ్రేకుల్ని వాడుకుంటుంది కాబట్టి ప్యాడ్లు త్వరగా అరుగుతాయి. వెనక డ్రమ్ బ్రేకులు, వాటిలోకి రేగడి చేరి ఎండితే లోపల ఇసుక కాగితంలా రాస్తుంది. వానాకాలం అయ్యాక డ్రమ్ములు విప్పి శుభ్రం చేయించడం నాకు అలవాటు. చక్రాల దగ్గర సెన్సార్ల మీద మట్టి గట్టిపడితే మీటర్‌లో ఏబీఎస్, ఈఎస్‌పీ లైట్లు వెలుగుతాయి, ట్రాక్షన్ కంట్రోల్ కూడా పనిచేయడం మానేస్తుంది. నంద్యాలలో ఒక వర్క్‌షాపులో అలాంటి లైటు చూసి ముందు సెన్సార్ మార్చేద్దామన్నారు. కడిగి చూడమని పట్టుబట్టాను. కడిగి, వైరు మీద మట్టి తుడిచి, కాస్త దూరం నడపగానే లైటు ఆరిపోయింది. వాటర్ సర్వీసింగ్ చేయించేటప్పుడు చక్రాల లోపలి వైపు, ఇరుసుల మీద, చాసిస్ సందుల్లో నీళ్లు కొట్టమని దగ్గరుండి చెప్పండి. లేకపోతే వాళ్లు పైన మెరిసేలా కడిగి పంపేస్తారు. రిమ్ముల లోపల ఒకవైపే రేగడి ఎండిపోతే రోడ్డు మీద 60 దాటగానే స్టీరింగ్ వణుకుతుంది. చాలామంది దాన్ని అలైన్‌మెంట్ సమస్య అనుకుంటారు.

పొలం నుంచి తారురోడ్డు ఎక్కగానే 2హెచ్‌కు మార్చుకోవాలి. 4హెచ్‌లో ముందూ వెనకా ఇరుసులు కలిసే తిరుగుతాయి కాబట్టి, గట్టి రోడ్డు మీద మలుపుల్లో గేర్లు బిగుసుకుంటాయి, టైర్లు రాసుకుంటాయి. ఆ రాడ్ ఒక్కోసారి 2హెచ్‌కు వెంటనే రాదు. అలాంటప్పుడు బలంగా లాగొద్దు. బండిని నాలుగడుగులు వెనక్కి పోనిచ్చి, స్టీరింగ్ నేరుగా పెట్టి లాగితే తేలిగ్గా వస్తుంది.